తెరమీది బేస్‌బాల్: రాబోయే ఆటలో మేము కోరేదేమి?

ఏటా ఫాల్గుణమాసం వచ్చేసరికి అమెరికాలో పిల్లలు రెండింటి కోసం ఎదురుచూస్తారు. ఒకటి, చలి తగ్గి మైదానాలలో బేస్‌బాల్ ఆటలు మొదలు కావటం. రెండవది, ఆ మైదానాన్ని ఉన్నదున్నట్లు తెరమీదికి దించే వీడియో ఆట కొత్త కూర్పు బజారుకు రావటం. "ఎం.ఎల్.బి. ది షో" అని దాని పేరు. చిన్న లీగులలో ఆడుకుంటూ ఎప్పటికైనా పెద్ద లీగులోకి ఎక్కాలని ఆశపడే కుర్రవాళ్ళు ఆ పెద్ద లీగును "షో" అని పిలుచుకుంటారు. ఆ మాటే ఆటకు పేరయింది. సోనీ కంపెనీకి చెందిన శాన్ డియేగో స్టూడియోవారు 2006 నుంచి ఏటేటా తప్పకుండా దీనిని వెలువరిస్తున్నారు. మన పంచాంగం వంటిదే అనుకోండి. తిథులూ నక్షత్రాలూ మారినట్లు ఇందులో ఆటగాళ్ళ పేర్లూ జట్లూ మారుతాయి. మిగతాది ఎంత మారిందన్నదే ఏటా వచ్చే తగవు.

ఈ తగవు మన పత్రికకు ఎందుకని పాఠకులు అడుగవచ్చు. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్ళు మన సంఘంలో తక్కువేమీ కాదు. బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి, బరంపురం నుంచి, షోలాపూరు నుంచి పురుళ్ళకనీ బారసాలలకనీ వెళ్ళి ఆరునెలలు ఉండి వచ్చే తాతయ్యలూ అమ్మమ్మలూ మనవల పక్కన కూర్చుని ఈ ఆట చూచే ఉంటారు. "పోయిన ఏడు కొన్నదానికీ దీనికీ తేడా ఏమిట్రా?" అని తాతగారు అడగటం, "నీకు తెలియదులే తాతయ్యా" అని మనవడు తప్పించుకోవటం కూడా జరిగే ఉంటుంది. తాతగారి ప్రశ్న తీసిపారవేయదగింది కాదు. కొత్త యంత్రాల మీద ఆడే కూర్పు ఖరీదు డెబ్బై డాలర్లు. అంత పోసి ఏటా కొనేవారికి ఏటా ఏమి చేతికి వస్తున్నదో, ఏమి చేజారిపోతున్నదో చూడవలసిందే గదా.

బేస్‌బాల్ ఎరుగనివారి కోసం ముందు రెండు ముక్కలు. క్రికెట్టులో బౌలరు వంటివాడు పిచ్చరు. అరవై అడుగుల ఆరంగుళాల దూరంలో నిలబడి బంతి విసురుతాడు. పరుగెత్తుకుంటూ రాడు, బంతి నేల తాకదు. ఎదురుగా బ్యాటు పట్టినవాడు ఉంటాడు. అతని ముందు 17 అంగుళాల వెడల్పున తెల్లని పలక ఒకటి నేలలో పొదిగి ఉంటుంది. ఆ పలక మీదుగా, మోకాళ్ళకు పైన, రొమ్ముకు దిగువన బంతి పోతే స్ట్రైకు. కొట్టబోయి తప్పినా స్ట్రైకే. ఆ హద్దు దాటిపోయిన బంతిని కొట్టక వదిలితే అది బాలు. మూడు స్ట్రైకులయితే మనిషి ఔటు. నాలుగు బాల్సయితే చెమట పట్టకుండా మొదటి బేసుకు నడిచిపోవచ్చు. క్రికెట్టులో వికెట్లు అందరికీ కనుపిస్తాయి. ఇక్కడ వికెట్టు గాలిలో ఉన్నది. అది ఎక్కడ ఉన్నదో చెప్పేవాడు, వెనుక వంగి నిలుచున్న అంపైరు. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతా కథ సులభం.

ఈ ఆటకూ కంప్యూటరుకూ చుట్టరికం చాలా పాతది. అంకెలతో లెక్కలు కట్టుకునే ఆట కావటమే అందుకు కారణం అయివుంటుంది. 1961 నాటికే జాన్ బర్జెసన్ అనే ఐ.బి.ఎం. ఉద్యోగి 1620 అనే యంత్రానికి రెండు జట్ల చేత బేస్‌బాల్ ఆడించటం నేర్పాడు. బొమ్మలు లేవు, ఎవరు కొట్టారు, ఎవరు ఔటయ్యారు అన్నది కాగితం మీద అచ్చయి వచ్చేది. 1971లో కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీ విద్యార్థి డాన్ డాగ్లో తమ కాలేజీ పెద్ద కంప్యూటరు మీద ఇంకొకటి వ్రాశాడు. అతడే తరువాత ఎడ్డీ డాంబ్రోవర్‌తో కలిసి 1983లో ఇంటెలివిజన్ యంత్రానికి చేసిన ఆటలో, టెలివిజనువారు చూపినట్లు ఒకటికంటే ఎక్కువ కోణాల నుంచి మైదానాన్ని చూపించాడు. 1987లో అదే జంట, బాల్టిమోరు జట్టుకు మేనేజరుగా పేరుపొందిన ఎర్ల్ వీవర్‌ను కూర్చోబెట్టి, ఏ సమయంలో ఏ ఎత్తు వేస్తారో అడిగి తెలుసుకొని ఆ తెలివిని యంత్రంలోకి ఎక్కించింది. మేలైన మార్పు ఎప్పుడూ ఇట్లాంటిదే అని మా అభిప్రాయం. బొమ్మకు రంగు పూయటం ఒక పని, బొమ్మకు బుద్ధి చెప్పటం మరొక పని.

తరువాతి చరిత్రలో వ్యాపారం ప్రవేశించింది. 2005లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌వారి "ఎం.వి.పి. బేస్‌బాల్" ఆటను ఇప్పటికీ తలచుకునేవారున్నారు. ఆ ఏడే టేక్-టూ అనే కంపెనీ మేజర్ లీగుతో ప్రత్యేక ఒప్పందం చేసుకొని పోటీదారులను పక్కకు నెట్టింది. సొంత యంత్రం ఉన్న సోనీ వంటివారికి మాత్రం ఆ ఒప్పందం అడ్డు రాలేదు. చివరకు టేక్-టూ వారు కూడా 2013 కూర్పుతో విరమించారు. అప్పటినుంచి అమెరికా పెద్ద లీగును నిజానికి దగ్గరగా చూపే, చేత్తో ఆడే ఆట అంటే "ది షో" ఒక్కటే మిగిలింది. 2021 దాకా అది సోనీవారి ప్లేస్టేషన్‌లో తప్ప దొరకలేదు; ఆ ఏడు ఎక్స్‌బాక్స్‌కూ, 2022లో నింటెండో స్విచ్‌కూ వచ్చింది. ఊళ్ళో ఒకే కిరాణా కొట్టు ఉంటే సరుకు ఎట్లా ఉంటుందో మనకు తెలియనిది కాదు. సరుకు చెడ్డదని మేము అనటం లేదు. పక్కన మరొక కొట్టు లేనప్పుడు బాగుచేయాలనే తొందర తక్కువ ఉంటుందని మాత్రమే మా మాట.

ఇక ఆట లోపలికి వెళ్దాము. గంటకు 95 మైళ్ళ వేగంతో విసిరిన బంతి బ్యాటు పట్టినవానిని చేరటానికి సుమారు 0.4 సెకను పడుతుంది. తెరమీద సెకనుకు 60 బొమ్మలు మారుతుంటే, ఆ బంతి మొత్తం ప్రయాణం 24 బొమ్మలే. ఆ 24లోనే అది ఏ రకం బంతో పోల్చాలి, ఎక్కడ పడుతుందో ఊహించాలి, తెరమీది గురిని అక్కడికి జరపాలి, మీట నొక్కాలి. టెలివిజను తన సొంత సింగారింపుకు కొంత ఆలస్యం చేస్తే రెండు మూడు బొమ్మలు హరించుకుపోతాయి. వేరే ఊరివానితో ఇంటర్నెట్టు ద్వారా ఆడితే మరికొన్ని. పిల్లవాడు "నేను సరిగ్గానే కొట్టాను, ఆట మోసం చేసింది" అని ఏడిస్తే అది ఎల్లప్పుడూ సాకు కాదు సుమా! టెలివిజనులో "గేమ్ మోడ్" అనేదొకటి ఉంటుంది. దానిని పెట్టి చూడమని చెప్పండి, సగం ఏడుపు తగ్గుతుంది. మిగతా సగాన్ని తగ్గించటం ఆట చేసేవారి పని. 2021లో పిచ్చరు కోసం తెచ్చిన కొత్త పద్ధతి మాకు నచ్చింది. ఒక్కొక్క రకం బంతికి ఒక్కొక్క ముగ్గు ఉంటుంది. చేతిలోని పుల్లతో ఆ ముగ్గును తడబడకుండా గీస్తే బంతి కోరిన చోటికి పోతుంది. విసరటంలో ఇంత పనితనం పెట్టినవారు బంతి పట్టేవారిని అంత శ్రద్ధగా చూడలేదు. ఒక కదలిక మొదలయితే అది పూర్తయ్యేదాకా ఫీల్డరు మరొక వంక తిరగడని ఆడేవారి ఫిర్యాదు.

అన్నిటికంటే మాకు ఆసక్తి కలిగించేది అంపైరు సంగతి. యంత్రానికి బంతి ఎక్కడినుంచి పోయిందో వెంట్రుకవాసి తేడా లేకుండా తెలుసు. తెలిసి కూడా, ఆట చేసినవారు అంపైర్లకు మనుషుల తప్పులు పెట్టారు. కావలసినవారు తప్పులేని అంపైరును ఎంచుకోవచ్చు. లేదా ఒక్కొక్కరికి ఒక్కొక్క అలవాటు ఉన్న అంపైర్లను ఎంచుకోవచ్చు. ఒకాయన కింది బంతులను ఉదారంగా స్ట్రైకు అంటాడు, మరొకాయన అంచు మీది బంతిని ఇవ్వడు. అన్నీ తెలిసిన యంత్రం చేత తెలియనట్లు నటింపజేయటం, అట్లా చేస్తేనే అది నిజమైన ఆటలాగా తోచటం మాకు ఎంతో వింతగా ఉంటుంది.

ఇప్పుడు అసలు మైదానంలోనే ఈ వింత తిరగబడింది. అంపైరు చెప్పిన స్ట్రైకుల మీద, బాల్స్ మీద అప్పీలు చేసుకునే హక్కును 2026 సీజను నుంచి ఇవ్వాలని మేజర్ లీగువారు 2025 సెప్టెంబరులో తీర్మానించారు. ఒక్కొక్క జట్టుకు రెండు అప్పీళ్ళు. గెలిచిన అప్పీలు ఖర్చు కాదు, ఓడినది పోతుంది. పిచ్చరు, వెనుక బంతి పట్టే క్యాచరు, బ్యాటు పట్టినవాడు, ఈ ముగ్గురిలో ఒకరే, వెంటనే, బయటివారి సలహా లేకుండా తన టోపీని తట్టి అడగాలి. అప్పుడు కెమెరాల లెక్క చూచి తీర్పు చెబుతారు. మన క్రికెట్టులో డి.ఆర్.ఎస్. చూచినవారికి ఇది కొత్త కాదు.

కాని తెరమీద దీనిని ఎట్లా ఆడించాలి? అంపైరు ఎప్పుడూ తప్పు చేయకపోతే అప్పీలు ఎందుకు? మరీ తప్పులు చేస్తే రెండు అప్పీళ్ళు ఏ మూలకు? అంతకంటే చిక్కు మరొకటి ఉన్నది. ఎదుటి జట్టును ఆడించేది యంత్రమే. దానికి నిజం ముందే తెలుసు. తెలిసి అడిగితే దాని అప్పీలు ఒక్కటీ ఓడదు. అది ఆట కాదు, తొండి. కనుక యంత్రానికి సందేహం నేర్పాలి. కోపంలో అడిగి అప్పీలు పోగొట్టుకునే బ్యాటరునూ, తొమ్మిదవ ఇన్నింగ్సు కోసం దాచుకొని దాచుకొని చివరకు వాడకుండానే ఇంటికి పోయే క్యాచరునూ యంత్రం అభినయించగలగాలి. 1987లో ఎర్ల్ వీవర్‌ను అడిగి బుద్ధి నేర్పినవారి వారసులకు ఇది మించిన పని కాదు. ఇకపై ఏ కొత్త కూర్పునయినా మేము పెట్టే మొదటి పరీక్ష ఇదే.

మైదానం మారినప్పుడల్లా తెర వెనువెంట మారటం ఇదివరకు కూడా చూచాము. 2018లో జపాను నుంచి వచ్చిన షోహెయ్ ఒహ్తాని బంతి విసరటంలోనూ కొట్టటంలోనూ కూడా దిట్ట అని తేలేసరికి, 2021 కూర్పులో ఆడేవాడు తన సొంత ఆటగాడిని రెండు పనులకూ దింపవచ్చునన్నారు. మరుసటి ఏడు అట్ట మీద ఒహ్తాని బొమ్మే వేశారు. 2023లో పిచ్చరు చేతికి గడియారం కట్టి, బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో విసరాలని లీగువారు శాసిస్తే, ఆ గడియారం తెరమీదికీ వచ్చింది. వ్యాఖ్యాతల సంగతి చెప్పాలంటే, 2022లో పాతవారిని మార్చి జాన్ షాంబీ, క్రిస్ సింగిల్టన్ గొంతులు పెట్టారు. ఎవరిని పెట్టినా నూరవ ఆటకు వచ్చేసరికి హరిదాసుగారి పాత పిట్టకథే మళ్ళీ వినవలసి వస్తున్నది. ఈ విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోము.

ఆశించకుండా వచ్చిన మంచి మార్పు ఒకటి చెప్పాలి. అమెరికాలో నల్లజాతివారిని పెద్ద లీగులో ఆడనివ్వని రోజులుండేవి. వారు తమ సొంత లీగులు పెట్టుకొని ఆడారు. 1920లో కాన్సాస్ సిటీలో రూబ్ ఫాస్టర్ పూనికతో నీగ్రో నేషనల్ లీగు ఏర్పడింది. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున దిగేదాకా ఆధునిక కాలపు పెద్ద లీగు తలుపు వారికి తెరుచుకోలేదు. 2023 కూర్పులో ఈ కథను ఆటగా మలిచారు. కాన్సాస్ సిటీలోని నీగ్రో లీగుల మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ ఒక్కొక్కరి కథ చెబుతాడు. విన్నవాడు వెంటనే సాచెల్ పేజ్ అయి బంతి విసరాలి. 2024 కూర్పులో జాష్ గిబ్సన్, హాంక్ ఆరన్‌లతోపాటు పురుషుల మధ్య ఆడిన టోనీ స్టోన్ అనే స్త్రీ కథ కూడా చేర్చారు. అదే ఏడు మేలో మేజర్ లీగువారు ఆ లీగుల లెక్కలను తమ లెక్కలలో కలుపుకోగా, జీవితకాలపు బ్యాటింగు సగటులో జాష్ గిబ్సన్ .372తో అందరికంటే పైకి వచ్చాడు. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలు చదివి మరచిపోయే పిల్లవాడు, తన చేత్తో ఆడినదానిని మరచిపోడు. డెబ్బై డాలర్లలో కొంత ఇక్కడ గిట్టినట్లే.

మనవారి ప్రసక్తి కూడా ఒకటి ఉన్నది. టెక్సాస్ రేంజర్స్ జట్టు 2022లో మూడవ ఎంపికగా తీసుకోగా, 2024 సెప్టెంబరులో పెద్ద లీగులో అడుగుపెట్టిన పిచ్చరు కుమార్ రాకర్, తల్లి వైపున భారత సంతతివాడు. కుమార్ అనే పేరు ఆ జాబితాలో కనుపిస్తే మన పిల్లలు వెతికి మరీ ఆడిస్తారు, అందులో ఆశ్చర్యమేమున్నది!

ఇక మా అసలు కోరిక. ఈ ఆటలో ఒక జట్టును చేతికి తీసుకొని, ఆటగాళ్ళను కొని, అమ్మి, కుర్రవాళ్ళను తయారుచేసి ఏళ్ళ తరబడి నడిపే పద్ధతి ఒకటి ఉన్నది. ఫ్రాంఛైజ్ అంటారు. నిజమైన లీగులో మాదిరిగానే ఒక సీజనుకు 162 ఆటలు. ఒక్కొక్క ఆటకు ముప్పావుగంట అనుకున్నా, ఒక సీజను పూర్తి కావటానికి నూట ఇరవై గంటలకు పైన పడుతుంది. అట్లా రెండు మూడు సీజన్లు నడిపినవానికి ఆ జట్టు సొంత ఇల్లు వంటిది. ఎవరిని ఎప్పుడు తెచ్చాడో, ఎవరిని అమ్మి పశ్చాత్తాపపడ్డాడో అన్నీ జ్ఞాపకం ఉంటాయి. 2014 కూర్పులో ఒక గొప్ప సదుపాయం కల్పించారు: పాత కూర్పులో దాచుకున్న జట్టును కొత్త కూర్పులోకి తెచ్చుకొని ఆపిన చోటినుంచే ఆడవచ్చును. ఆ సదుపాయం కొన్నేళ్ళు నడిచింది. తరువాత తీసివేశారు. ఇప్పుడు కొత్తది కొంటే మళ్ళీ మొదటి రోజే, మొదటి ఆటే. పాతదానిలోనే ఉండిపోదామంటే కొత్త ఆటగాళ్ళూ కొత్త నిబంధనలూ ఉండవు.

కార్డుల పద్ధతి ఇంకా కఠినమైనది. డైమండ్ డైనాస్టీ అనే ఆ విభాగంలో పాత కొత్త ఆటగాళ్ళ బొమ్మలున్న కార్డులు కూడబెట్టి జట్టు కూర్చాలి. స్టబ్స్ అనే ఉత్తుత్తి నాణేలతో వాటిని కొంటారు. ఆ నాణేలు ఆడి సంపాదించుకోవచ్చును. అసలు డబ్బు పెట్టి కూడా కొనవచ్చును. ఏది ఎట్లా సంపాదించినా కొత్త కూర్పు రాగానే సున్నా నుంచి మొదలు. పాత ఆట సర్వర్లను కొంతకాలానికి మూసివేస్తే, ఇంటర్నెట్టు మీద ఆధారపడిన ఆ భాగమంతా మూతపడుతుంది. చిన్నప్పుడు మనం కూడబెట్టిన అగ్గిపెట్టె బొమ్మలూ తపాలా బిళ్ళలూ అటక మీద ఇంకా ఉన్నాయి. వీరి కార్డులకు అటక లేదు. క్రెడిట్ కార్డు నంబరును ఆట యంత్రంలో దాచి ఉంచవద్దని మాత్రం తల్లిదండ్రులకు గట్టిగా చెబుతాము.

రాబోయే కూర్పుల ప్రకటనలలో గడ్డి మెరుపులూ, చొక్కాల ముడతలూ, గడ్డాల వెంట్రుకలూ ఎంతో చక్కగా చూపిస్తారు. చూచి ఆనందించవలసిందే. మేము మాత్రం వాటి మధ్య ఒక్క వాక్యం కోసం వెతుకుతాము: పోయిన ఏటి జట్టును ఇందులోకి తెచ్చుకోవచ్చునన్న వాక్యం. అది ఉన్న ఏడు, మిగతావి ఏమీ మారకపోయినా సరే, కొనదగినదని చెబుతాము. మనిషి వందల గంటలు పెట్టి కట్టుకున్నదానిని నిలబెట్టటం కంటే పెద్ద మెరుగు మాకు కనుపించదు.

కొనేవారికి రెండు వివరాలు. 2025 కూర్పు నుంచి పాత ప్లేస్టేషన్ 4కు, ఎక్స్‌బాక్స్ వన్‌కు ఈ ఆట రావటం మానివేసింది; ఇంట్లో ఏ యంత్రం ఉన్నదో పిల్లవాడిని అడిగి తెలుసుకోకుండా పుట్టినరోజు కానుకగా తెచ్చి పెట్టవద్దు. ఎక్స్‌బాక్స్ ఉన్నవారికి 2021 నుంచి 2024 దాకా గేమ్ పాస్ చందాలోనే ఇది మొదటి రోజునుంచి దొరికేది. 2025లో ఆ వసతి లేదు. మార్చిలో కొన్న ఆటలో దొరికే లోపాలను తరువాతి నెలలలో ఇంటర్నెట్టు ద్వారా సవరిస్తూ పోతారు. జట్ల జాబితాలూ సీజను పొడుగునా మారుతూ ఉంటాయి. జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో జట్లు ఆటగాళ్ళను మార్చుకునే గడువు ముగిసేనాటికి జాబితాలు కుదుటపడతాయి, ఆటా కుదుటపడుతుంది, తరచు వెల కూడా తగ్గుతుంది. తోటిపిల్లలతో మొదటి రోజే ఆడకపోతే తల కొట్టేసినట్లవుతుందనే పిల్లవానికి ఈ మాట ఎక్కదు. ఒంటరిగా తన జట్టు తాను నడుపుకునేవాడు మాత్రం అప్పటిదాకా ఆగవచ్చు, మేమైతే ఆగుతాము.